వరుస

మా కొండ కింద చచ్చినవాళ్లకు ఇంటిపేరు వాటాలు లేవు.
మొగుడూ పెళ్లాం పక్కపక్కన పడుకోరు.
ఆడవాళ్లు ఇటు, మగవాళ్లు అటు,
ఎవరికి ముందు పిలుపొస్తే వాళ్లు ముందు.
మా మోరేవియన్ సంఘానికి అది ముత్తాతల నాటి కట్టుబాటు.
రాయి అందరికీ ఒకటే కొలత, నేలకు అంటుకుపోయినట్టు బల్లపరుపుగా.
పేరు, రెండు తేదీలు, మూలన ఒక అంకె.
కేప్ టౌన్ నుంచి కారులో దిగిన కొడుకులు
పాలరాతి దేవదూత మాట ఎత్తితే
పాస్టరు గారు టీ పోసి, వాతావరణం సంగతి మాట్లాడి పంపేస్తారు.

ఈస్టర్ ముందు శనివారం.
మా దగ్గర ఈస్టర్‌కు చిగుళ్లుండవు,
ఓక్ ఆకులు రాలి రాళ్ల మీద నానుతుంటాయి.
ఊరంతా బకెట్లు, తీగల బ్రష్షులు పట్టుకుని మోకాళ్ల మీద ఉంటుంది.
రేపు తెల్లవారుజామున బూరలు ఇక్కడే ఊదాలి.
బడి వెనక ఒక కుర్రాడు సాధన చేస్తున్నాడు,
అయిదో స్వరం దగ్గర ప్రతిసారీ జారిపోతున్నాడు.

నాలుగువందల పన్నెండు, ఎర్నెస్టీనా ఊర్సన్.
నాలుగువందల పదమూడు, మా అమ్మ ఫైకీ.
మధ్యలో ఆరు రోజులు, రెండు జానల గడ్డి.

సర్కారువాళ్లు జుట్టులో పెన్సిల్ గుచ్చి
మనిషి జాతి తేల్చిన కాలం అది.
ఎర్నెస్టీనా జుట్టులోంచి పెన్సిల్ జారి పడేది.
మా అమ్మ జుట్టులో పాతిన గుంజలా నిలిచేది.
ఆవిడకు కొట్టూ, గుడిలో మొదటి బల్లా.
అమ్మకు తలుపు పక్క చివరి బల్ల.
ప్రభురాత్రి భోజనం గిన్నె అమ్మ దాకా వచ్చేసరికి
అడుగున ఒక్క గుటక.

ఒక ఆదివారం వెనక కప్పు కారి
మమ్మల్ని ముందుకు జరిపారు.
గిన్నె అమ్మ పెదవులు దాటి ఎర్నెస్టీనా చేతికి వెళ్లింది.
ఆవిడ రుమాలు తీసింది.
అంచు తుడిచింది.
నాకప్పుడు తొమ్మిదేళ్లు, లెక్కపెట్టాను, మూడుసార్లు తుడిచింది.

దారిలో అమ్మ ఏడుస్తుందేమో అని చూశాను.
"ఆ రుమాలు ఎంత తెల్లగా ఉందో చూశావా," అంది,
"శుక్రవారం ఉతికింది నేనే."

పదకొండేళ్లుగా అమ్మ రాయి తోముతున్నాను.
పక్క రాయి అంచుకు రాగానే నా చేతికి నొప్పి వస్తుంది.
నాచు పట్టింది దానికి, పట్టనిచ్చాను.
క్షమించమన్న వాక్యాలన్నీ నాకు కంఠతా వచ్చు.

ఈసారి నాకంటే ముందే ఎవరో అమ్మ దగ్గర మోకరించి ఉన్నాడు.
ఎర్నెస్టీనా మనవడట, పేరు ఆబ్రీ,
చిన్నప్పుడు వెళ్లినవాడు మళ్లీ ఇప్పుడే రావడం.
మొన్నటి వరద మట్టి అక్షరాల్ని పూడ్చేసింది.
ఉన్న రెండింట్లో శుభ్రమైనది తనదనుకున్నాడు.
"ఇన్నేళ్లూ మా నాన్నమ్మను ఎవరో బాగా చూసుకున్నారండీ,
ఆ పక్కదే పాపం, దిక్కులేనిదిలా ఉంది."

నోరు తెరిచాను.
అతని మోచేతుల దాకా నురగ,
మా అమ్మ మీద వంగి అంత శ్రద్ధగా
ఊరివాడెవడూ ఎప్పుడూ వంగలేదు.
నోరు మూసుకున్నాను.
బకెట్ పక్కకు జరిపి
నాచు మీద మొదటి నీళ్లు పోశాను.
వేళ్లకు ఊడి వచ్చింది, మెత్తగా, పసిబిడ్డ తల మీది చెక్కులా.
కోపం పోయిందని చెప్పను. అబద్ధం ఈ చోట చెల్లదు.
కానీ రాయి కింద రాయి ఎంత చల్లగా ఉందో,
రెండూ ఒకే చల్లదనం.

"మీకేం వరుస అవుతారండీ, ఆవిడ?" అన్నాడు తల ఎత్తకుండా.
నా బ్రష్ కింద 'ఎ' తేలింది.
అతని బ్రష్ కింద 'ఫై' తేలుతోంది,
ఇంకో నిమిషానికి చదువుతాడు.
బడి వెనక బూర మళ్లీ అయిదో స్వరం దాకా వచ్చి ఆగింది.

"వరుసే, బాబూ," అన్నాను.
"ఒకటే వరుస."